డోర్ ఫిట్టింగ్ పనికి వైరు మెషీన్లా, బ్యాటరీ మెషీన్లా?

నర్సంపేట వడ్రంగి:

అన్నలకు నమస్తే. మాది నర్సంపేట దగ్గర పల్లె. మా బాపు టేకు దర్వాజలు, కిటికీలు అన్నీ ఉలి, చిత్రిక, చేతిరంపంతోనే చేసిండు. నేను ఆయన దగ్గర్నే నేర్చుకున్న. ఇప్పుడు సొంతంగ డోర్ ఫిట్టింగ్, వార్డ్‌రోబ్ పనులు పట్టుకుంటున్న. ఒక 4 అంగుళాల గ్రైండర్, ఒక పాత వైరు డ్రిల్ ఉన్నయి. ఇంకో 25 వేల దాకా పెట్టగలుగుత.

దుకాణం ఆయన "అన్నీ బ్యాటరీవే తీస్కో, ఒక్క బ్యాటరీ అన్నిటికీ పనిచేస్తది" అంటున్నడు. బాపు మాత్రం వైరు మెషీనే నమ్మకం అంటడు. మేం పోయే కొత్త ఇండ్లల్ల సగానికి ఇంకా మీటర్ ఉండది, పక్కింటి నుంచి వైరు లాగాలె. నాకు అర్థం కానిది ఇంకోటి ఉంది. ఇంట్ల కరెంట్ 230 వోల్టులు, బ్యాటరీ 18 వోల్టులే. అది ఎట్ల సరిపోతది? ఇంకో కంపెనీ డబ్బా మీద 20 అని ఉంది, అది ఎక్కువ బలమా?

సీలింగ్ పని, కూకట్‌పల్లి:

బ్రో, బ్యాటరీ డ్రిల్ కళ్లు మూసుకుని కొను. నేను రోజంతా నిచ్చెన మీదే ఉంటా. వైరు కాళ్లకు చుట్టుకోదు, ప్లగ్ ఊడిపోదు. నాది 12 వోల్టులదే, జిప్సం బోర్డు స్క్రూలకు చాలు. కాంక్రీటు స్లాబ్‌కు రంధ్రాలైతే మా మేస్త్రి వైరు హామర్ తెస్తాడు.

రాజమండ్రి మేస్త్రి:

తమ్ముడూ, నీ బాపు చెప్పిందీ దుకాణం ఆయన చెప్పిందీ రెండూ సగం సగం నిజం. ముందు వోల్టుల సంగతి చెబుతాను, అది తెలిస్తే మిగతాది నువ్వే తేల్చుకుంటావు.

బలం అంటే వోల్టులు ఒక్కటే కాదు, వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చే వాట్లు. 18 వోల్టుల బ్యాటరీ గట్టిగా లాగినప్పుడు 30 ఆంపియర్లు ఇస్తే 540 వాట్లు అవుతుంది. నీ వైరు డ్రిల్ కూడా దాదాపు అంతే ఉంటుంది. కాబట్టి బలం సరిపోతుంది, వచ్చే చిక్కంతా ఎంతసేపు అన్న దగ్గరే. 18 వోల్టులు, 4 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఉండేది 72 వాట్-అవర్లు, అంటే 72 వాట్లు గంటసేపు. 800 వాట్లు నిలకడగా లాగే పని పెట్టావంటే ఐదున్నర నిమిషాల్లో ఖాళీ. అదే స్క్రూ బిగించడమైతే ఒక్కోదానికి రెండు మూడు క్షణాలే నొక్కుతావు, ఒక్క ఛార్జింగ్‌తో వందల స్క్రూలు పోతాయి. నొక్కి వదిలే పనికి బ్యాటరీ, నొక్కి పట్టుకునే పనికి వైరు. నేను పాతికేళ్లుగా ఫిట్టింగ్ పనిలో ఉన్నాను, నా సామాను పెట్టె ఈ లెక్క మీదే సర్దుకుంటాను.

20 అని రాసింది చూసి ఎక్కువ డబ్బు పెట్టకు. రెండింటిలోనూ వరసగా కలిపినవి ఐదు లిథియం సెల్సే. ఒక్కోటి మామూలుగా 3.6 వోల్టులు, ఐదూ కలిపితే 18. నిండుగా ఛార్జ్ చేసిన క్షణంలో ఒక్కో సెల్ 4 దాటుతుంది, అప్పటి లెక్క చూసి 20 మ్యాక్స్ అని రాస్తారు. అదే వస్తువు.

ఇక నీ పనికి వద్దాం. డ్రిల్ డ్రైవర్ బ్యాటరీదే తీసుకో, క్లచ్ ఉన్నది తీసుకో. బిట్ పట్టుకునే చక్ వెనక అంకెలున్న రింగు తిరుగుతుంది చూడు, అదే క్లచ్. పెట్టిన బలం దాటగానే తిప్పడం ఆపేస్తుంది. వార్డ్‌రోబ్ తలుపులకు వేసే ఆటో హింజ్ స్క్రూలు పార్టికల్ బోర్డులో పట్టు తప్పకుండా కాపాడేది అదే. పొట్టిగా ఉండే ఇంపాక్ట్ డ్రైవర్ చూపించి ఇదే బలం అంటారు. పొడుగు స్క్రూలకు అది బంగారమే, కానీ దానికి క్లచ్ ఉండదు, చిన్న స్క్రూ తల చెక్కలో మునిగిపోతుంది. ఆ హింజ్ కూర్చునే గుంత తొలిచే 35 ఎం.ఎం. కప్పు బిట్ కూడా డ్రిల్ డ్రైవర్‌లో నిమ్మళంగా వేసుకోవచ్చు.

గోడల రంధ్రాలకు మాత్రం వైరు రోటరీ హామరే. నీ పాత డ్రిల్‌లో హామర్ గుర్తు ఉన్నా, లోపల పళ్ల చక్రాలు ఒకదానిమీద ఒకటి టకటకలాడటమే తప్ప దెబ్బ ఉండదు. ఇటుక గోడకు సరిపోతుంది. కాంక్రీటు లింటెల్‌కో పిల్లర్‌కో తగిలావంటే బిట్ ఎర్రబడుతుంది గానీ లోపలికి దిగదు. రోటరీ హామర్‌లో పిస్టన్ గాలిని నొక్కి కొడుతుంది, నువ్వు ఒళ్లంతా పెట్టి తోయక్కర్లేదు. బాష్ జీబీహెచ్ 2-26 లాంటివి 800 వాట్లు, దెబ్బ బలం 2.7 జౌల్స్. నీకు ఆ తరగతి చాలు. ఏఏసీ బ్లాక్ (తేలికపాటి బోలు సిమెంటు ఇటుక) గోడ అయితే మాత్రం హామర్ ఆపేసి ఊరికే తిప్పు, లేకపోతే రంధ్రం వదులైపోయి స్క్రూ ప్లగ్ పట్టదు.

పక్కింటి నుంచి లాగే వైరు గురించి గట్టిగా చెప్పాలి. బజార్లో దొరికే సన్న 0.75 చదరపు ఎం.ఎం. వైరు 40 మీటర్లు లాగి 1400 వాట్ల కట్టర్ పెడితే, పోను రాను 80 మీటర్లలో పన్నెండు వోల్టుల పైనే పోతాయి. 2.5 చదరపు ఎం.ఎం. రాగి వైరైతే నాలుగు వోల్టుల లోపే. సాయంత్రం లైనే 200కి పడిపోయే ఊళ్లలో ఈ తేడా మోటారులో తిరిగే ఆర్మేచర్ ప్రాణం మీదికి వస్తుంది. వేగం తగ్గితే లోపలి ఫ్యాన్ గాలి తగ్గుతుంది, నువ్వు ఇంకా నొక్కుతావు, ఆర్మేచర్ రాగి చుట్టలు మాడతాయి. వైరు చుట్ట మొత్తం విప్పి పరిచి వాడు, చుట్టగా ఉంచితే వేడెక్కి కరుగుతుంది. ఆ ప్లగ్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంట్ లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, ఒకటి తప్పకుండా పెట్టించు. తడి గోడల మధ్య పనిచేసేవాళ్లం మనం.

రిపేరు సంగతిలో నీ బాపు మాట నూటికి నూరు పాళ్లు నిజం. వైరు మెషీన్‌కు కార్బన్ బ్రష్‌లు ఏ చిన్న ఊళ్లోనైనా దొరుకుతాయి, ఆర్మేచర్ చుట్టేవాళ్లు వరంగల్‌లో ఉంటారు. బ్యాటరీ మెషీన్‌లో సర్క్యూట్ బోర్డు పోతే కంపెనీ సర్వీసుకే వెళ్లాలి. అందుకే కొనేముందు నీకు దగ్గర్లో ఏ కంపెనీ సర్వీస్ సెంటర్ ఉందో చూడు, రంగు చూసి కొనకు. ఒక కంపెనీ బ్యాటరీ ఇంకోదానికి పట్టదు, మొదటి డ్రిల్‌తోనే తర్వాతి పదేళ్లకు నువ్వు ఏ కంపెనీవాడివో తేలిపోతుంది.

ఇంకొకటి. నీ గ్రైండర్‌కు చెక్క కోసే పళ్ల బ్లేడ్ ఎప్పుడూ వేయకు. అందరూ వేస్తున్నారని వేయకు. అది నిమిషానికి పది పదకొండు వేల చుట్లు తిరుగుతుంది, పన్ను చెక్కలో చిక్కుకుంటే మెషీన్ ఎగిరి నీ మీదికే వస్తుంది. నాతో పనిచేసిన కుర్రాడికి ఎడమచేతి రెండు వేళ్లు ఇప్పుడు మడత పడవు. ప్లైవుడ్ కోతకు డబ్బులు కూడాక వైరు సర్క్యులర్ సా కొనుక్కో. అప్పటిదాకా బాపు రంపంతోనే కోయి.

నర్సంపేట వడ్రంగి:

చాన థాంక్స్ అన్నా. గ్రైండర్‌కు పళ్ల బ్లేడ్ నా దగ్గర ఉంది, తీసేస్తున్న. ఇంకో మాట. మా బావ వచ్చే నెల డల్లాస్ నుంచి వస్తున్నడు. అక్కడ సామాను అగ్గువట, తెప్పించుకోమంటరా?

డల్లాస్ గ్యారేజీ:

నేనూ డల్లాస్‌లోనే ఉంటాను, ఖమ్మంలో తమ్ముడికి పట్టుకెళ్తుంటాను కాబట్టి చెబుతున్నా. వైరు మెషీన్ అసలు వద్దు, ఇక్కడి కరెంట్ 120 వోల్టులు. అక్కడ ప్లగ్ పెట్టిన నిమిషంలో మాడిపోతుంది. ఛార్జర్ మీద కూడా 120 అని మాత్రమే ఉంటే అదే గతి.

బ్యాటరీలు విడిగా చెక్-ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు, చేతి సంచిలోనే తేవాలి, టెర్మినల్స్‌కు టేప్ వేయాలి. డ్రిల్ మెషీనేమో చేతి సంచిలోకి రానివ్వరు, అది చెక్-ఇన్‌లో వేయాలి. బ్యాటరీ 100 వాట్-అవర్లు దాటితే విమానం కంపెనీ అనుమతి కావాలి. 18 వోల్టుల 5 ఆంపియర్-అవర్లది 90, అదే 6 అయితే 108. బ్యాటరీ మీద రాసిన అంకె చూసుకోమని మీ బావకు చెప్పండి.

నేను ఖాళీ మెషీన్ మాత్రమే పట్టుకెళ్తాను. మకిటా 18 వోల్టుల ఎల్ఎక్స్‌టీ బ్యాటరీ ఇక్కడా అక్కడా ఒకటే, బ్యాటరీ, ఛార్జర్ అక్కడే కొనుక్కుంటాడు. వారంటీ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

రాజమండ్రి మేస్త్రి:

అన్నం పెట్టే మెషీన్ బిల్లుతో, వారంటీతో మన దగ్గరే కొనుక్కో తమ్ముడూ. బావ చేత మంచి బిట్ సెట్ తెప్పించుకో, దానికి వోల్టుల గొడవ లేదు.

నర్సంపేట వడ్రంగి:

సరే అన్నా. ముందు బ్యాటరీ డ్రిల్, వచ్చే పని డబ్బులతోటి వైరు హామర్. కిట్‌ల 4 ఆంపియర్-అవర్లది ఒకటి తీస్కోవాల్నా, 2 వి రెండా?

రాజమండ్రి మేస్త్రి:

2 వి రెండు. చేతిలో బరువు తగ్గుతుంది, తలుపు పై హింజ్ బిగించేటప్పుడు ఆ తేడా భుజానికి తెలుస్తుంది. ఒకటి వాడుతుంటే ఒకటి ఛార్జింగ్‌లో ఉంటుంది. పొద్దున ఇంటి దగ్గరే రెండూ నింపుకుని వెళ్తే, మీటర్ లేని ఇంట్లో హింజ్‌లు, గడియలు, తాళం అన్నీ వైరు లాగకుండానే అయిపోతాయి. మే నెలలో బండి డిక్కీలో, ఎండలో వదలకు. మీ వైపు 45 దాకా పోతుంది, లిథియం సెల్‌ను అంత త్వరగా ముసలిదాన్ని చేసేది ఇంకోటి లేదు. పని చేసి వేడిమీదున్న బ్యాటరీని ఛార్జర్‌లో పెడితే కొన్ని ఛార్జర్లు లైటు మినుకుమంటూ ఆగిపోతాయి, చెడిపోయిందని కంగారుపడకు. చల్లారాక అదే మొదలెడుతుంది. పని లేని రోజుల్లో సగం ఛార్జింగ్‌తో నీడపట్టున పెట్టు.