వర్క్‌డిర్‌ని ‘మకాం’ అనవచ్చా?

అందరికీ నమస్కారం. మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు డాకర్ (ప్రోగ్రాముని దానికి కావలసినవాటితో సహా ఒకచోట సర్ది నడిపే సాఫ్ట్‌వేర్) పాఠాలు తెలుగులో చెబుతున్నాను. ఇమేజ్ (అలా సర్దిన అచ్చు), కంటెయినర్ (ఆ అచ్చు నుంచి నడిచే ప్రతి), లేయర్ (ఇమేజ్‌లోని ఒక పొర) అన్న మాటల్ని అలాగే ఉంచేశాను, వాటితో ఎవరికీ ఇబ్బంది లేదు. ఇమేజ్ ఎలా తయారుచేయాలో రాసుకునే డాకర్‌ఫైల్‌లో, తర్వాతి పనులు ఏ డైరెక్టరీలో జరగాలో చెప్పే ‘వర్క్‌డిర్’ అన్న ఆదేశం దగ్గరే ఆగిపోయాను. ‘పని డైరెక్టరీ’ అంటే, పనికొచ్చే ఫైళ్ళు దాచుకునే చోటు అనుకుంటున్నారు.

మొన్న ఒక అమ్మాయి ‘రన్ సీడీ స్లాష్ యాప్’ (యాప్ డైరెక్టరీకి వెళ్ళు) అని ఒక లైను, దాని కింద ‘రన్ ఎన్‌పీఎం ఇన్‌స్టాల్’ (కావలసిన ప్యాకేజీలు దించుకో) అని ఇంకో లైను రాసింది. రన్ అంటే, ఇమేజ్ తయారయ్యేటప్పుడు ఆ కమాండ్‌ని నడిపించడం. ఆ ప్యాకేజీల జాబితా ఉండే ప్యాకేజ్ డాట్ జేసన్ ఫైలు దొరకలేదని బిల్డ్ (ఇమేజ్ తయారీ) ఆగిపోయింది. ఫైలేమో యాప్‌లోనే ఉంది! ప్రతి రన్‌కూ కొత్త షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రాం) మొదలవుతుంది కాబట్టి పై లైనులో వేసిన సీడీ ఆ లైనుతోనే సరి. వర్క్‌డిర్ అలా కాదు. దాని తర్వాత వచ్చే రన్, కాపీ, యాడ్, సీఎండీ, ఎంట్రీపాయింట్ అన్న ఆదేశాలన్నీ అక్కడి నుంచే నడుస్తాయి.

అందుకే ఇలా చెప్పాను: రన్‌లో సీడీ అంటే ఊరెళ్ళి రావడం, వర్క్‌డిర్ అంటే మకాం మార్చడం. ఈ మాట సరైనదేనా? పెద్దలు చెప్పాలి.

జవాబు:
బాగుందండీ. కానీ మకాం వేశారంటే రేపో మాపో ఎత్తేస్తారనే కదా అర్థం. వర్క్‌డిర్ ఇమేజ్‌లో ఉండిపోతుంది, కంటెయినర్ లేచేదీ అక్కడే. అచ్చ తెలుగులో ‘నెలవు’ ఉంది. నీటిని వదిలి నెలవు తప్పిన తామర, తనకు ఆప్తుడైన సూర్యుడి ఎండకే కమిలిపోతుందని బళ్ళో చదువుకున్నాం. ఉన్న చోటి ఫైళ్ళని అడగకుండా చెరిపేసే ‘ఆర్‌ఎం మైనస్ ఆర్‌ఎఫ్ స్టార్’ కమాండ్ సంగతీ అంతే. నెలవులో ఉంటే చెత్త ఊడుస్తుంది, నెలవు తప్పితే ఉన్నదంతా తుడిచేస్తుంది.

జవాబు:
నెలవు ఎంత మంచి మాటైనా ‘నెలవు మార్చాను’ అని ఈ రోజుల్లో ఎవరూ అనట్లేదు సార్. మకాం అరబ్బీ మూలమే అయినా వేయడం, మార్చడం, ఎత్తేయడం అన్నీ దాంతో కలిసిపోయాయి. ఇలాంటి చోట నామవాచకం కంటే దాని పక్కన నిలబడే క్రియే ముఖ్యం.

అడిగినవారు:
ఆ క్రియల మాట నన్ను ఒప్పించింది. ‘మకాం వేయడం’లో ఇంకో సొగసు కూడా కనిపించింది. లేని డైరెక్టరీకి సీడీ వెళ్ళలేదు, వర్క్‌డిర్ అయితే తానే దాన్ని తయారుచేసుకుంటుంది. ఖాళీ నేల మీద డేరా వేసుకున్నట్టే.

ఎత్తేస్తారన్న అభ్యంతరం కూడా నాకు అనుకూలంగానే ఉందండీ. ఒకే డాకర్‌ఫైల్‌లో వర్క్‌డిర్ ఎన్నిసార్లైనా రాయవచ్చు. ‘స్లాష్ ఎ’, తర్వాత ‘బి’, తర్వాత ‘సి’ అని రాస్తే చివరికి ‘స్లాష్ ఎ స్లాష్ బి స్లాష్ సి’లో ఉంటాం. కంటెయినర్‌ని మొదలుపెట్టే ‘డాకర్ రన్’ కమాండ్‌కి మైనస్ డబ్ల్యూ ఇస్తే ఆ ఒక్కసారికి వేరే చోట మకాం పెట్టవచ్చు.

కాబట్టి వర్క్‌డిర్‌కి మకామే ఖాయం చేస్తున్నాను. నెలవును, స్లాష్‌తో మొదలయ్యే పూర్తి పాత్ (డైరెక్టరీ చిరునామా) కోసం అట్టేపెడతాను. మరి మకాం నుంచి లెక్కపెట్టే రిలెటివ్ పాత్‌ని ఏమందాం?