ఫొటోగ్రాఫర్ మిత్రుల పుట్టినరోజు భోజనాలు: మీ బ్యాచ్‌లో ఎలా చేసుకుంటారు?

గోదారి_ఫ్రేమ్స్:
అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి దగ్గర, పెళ్లిళ్ల ఫొటోగ్రఫీ. కాండిడ్ (పోజు పెట్టించకుండా సహజంగా) తీసేవాళ్లు, వీడియోవాళ్లు, డ్రోన్ కుర్రాడు, ఆల్బమ్ డిజైన్ చేసే అన్న, అందరం కలిసే పనిచేస్తాం. మాలో పెద్దాయన ఒకరు ఉన్నారు, ఫిల్మ్ రోల్స్ కాలం నుంచి ఈ పనిలోనే ఉన్నారు, మాలో సగం మందికి కెమెరా పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఆయన పుట్టినరోజు మాఘమాసంలో వస్తుంది. మాఘం అంటే మీకు చెప్పక్కర్లేదు, ఆ రోజు ఆయన ఒక మండపంలో ఉంటారు, మేం ఇంకో మండపంలో ఉంటాం, ఫోన్లో ఒక మాట చెప్పి మళ్లీ పనిలో పడతాం. ఈసారి ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి అందరం ఒకచోట కూర్చుని ఆయన పేరు మీద భోజనం చేయాలనుకుంటున్నాం.

మన పనిలో అన్నం ఎప్పుడూ చివరి బంతిలోనే కదా. పెళ్లికొడుకు, పెళ్లికూతురు తింటుంటే ఫొటో తీయాలి, వియ్యంకుల బంతి మొత్తం వీడియో తిప్పాలి, అంతా అయ్యాక మనం వెళ్లేసరికి గారెలు అయిపోయి ఉంటాయి, పప్పు చల్లారిపోయి ఉంటుంది, ఇంతలో అప్పగింతలు మొదలయ్యాయని ఎవరో పిలుస్తారు. ఆయన ఇన్నేళ్లూ అలాగే తిన్నారు. ఒక్క పూటైనా ఆయన మొదటి బంతిలో కూర్చుని, వేడివేడిగా, ఎవరూ పిలవకుండా తినాలని నా కోరిక. మీరు ఎక్కడికి వెళ్తారు, ఏం పెడతారు, కెమెరాలు తెస్తారా, ఖర్చు ఎలా పంచుకుంటారు, అన్నీ చెప్పండి.

పాతబస్తీ_క్లిక్స్:
అన్నా, చాలా మంచి ఆలోచన. మాది హైదరాబాద్, స్ట్రీట్ ఫొటోగ్రఫీ బ్యాచ్, అందరికీ వేరే ఉద్యోగాలు ఉన్నాయి. మా దగ్గర ఎవరి పుట్టినరోజైనా రాత్రి డిన్నర్ ఉండదు, ఆ వారంలో వచ్చే ఆదివారం పొద్దున టిఫిన్ ఉంటుంది. తెల్లవారుజామున చార్మినార్ దగ్గర కలుస్తాం. దుకాణాలు తెరవకముందు ఆ రోడ్లు ఖాళీగా ఉంటాయి, పావురాలు, చాయ్ బండ్లు, ఊడ్చేవాళ్లు, ఏటవాలుగా పడే వెలుగు. ఎండ పైకొచ్చే దాకా ఎవరి ఫొటోలు వాళ్లు తీసుకుంటారు. వెలుగు గట్టిపడ్డాక కెమెరాలు బ్యాగుల్లోకి వెళ్తాయి, నిమ్రా కేఫ్‌లో ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, అక్కడి నుంచి కొందరు దోసె బండి దగ్గరికి, కొందరు నహారీకి. నహారీ అసలు పొద్దున తినేదే, మాంసం రాత్రంతా సన్న మంట మీద ఉడుకుతుంది, నాన్ ముంచుకుని తినాలి. పుట్టినరోజు మనిషి ఎటు వెళ్తానంటే అందరూ అటే వెళ్లాలని మా రూల్.

మా దోస్త్ ఒకతని పుట్టినరోజు ఒకసారి రంజాన్ నెలలో వచ్చింది. అతను ఉపవాసం ఉంటే మనం పొద్దున అతని ముందు ఎలా తింటాం? అందుకని సాయంత్రం ఇఫ్తార్‌కి అందరం వాళ్లింటికి వెళ్లాం, ముందు ఖర్జూరం, తర్వాత హలీమ్. వాళ్ల అమ్మగారు అందరికీ తన చేత్తో వడ్డించారు. ఎన్ని హోటళ్లు తిరిగినా ఆ పూట లాంటిది ఇంకోటి లేదు. మీ పెద్దాయనకి కూడా హోటల్ కన్నా ఇంటి భోజనమే బాగుంటుందని నా అభిప్రాయం.

కొల్లేరు_రెక్కలు:
మేం పక్షుల ఫొటోలు తీసేవాళ్లం, కైకలూరు పక్కనే మా ఊరు. చలికాలంలో ఎవరి పుట్టినరోజు వచ్చినా కొల్లేటి పక్షుల కేంద్రం ఆటపాక వెళ్తాం. గూడబాతులు (పెలికాన్‌లు) అక్కడ స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుంటాయి, పెయింటెడ్ స్టార్క్‌లు కూడా ఉంటాయి, పొద్దున్నే పడవ ఎక్కితే చేతికి అందేంత దగ్గర్లో కనిపిస్తాయి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. పక్షుల దగ్గర కేక్ కోయడం, పేపర్ పాపర్లు పేల్చడం, బెలూన్లు, మ్యూజిక్ ఇవేవీ పెట్టొద్దు. ఒక్క చప్పుడుకి పెద్ద పక్షులు గూళ్లు వదిలి లేచాయంటే పిల్లలు ఎండలో ఉండిపోతాయి, కాకులు కాచుకుని ఉంటాయి. ఒక బ్యాచ్ అలా చేస్తుంటే మేమే వెళ్లి ఆపాం. సంబరం ఒడ్డుకు వచ్చాక, ఊళ్లోకి వెళ్లాక చేసుకోవచ్చు. కైకలూరులో తెలిసినవాళ్ల ఇంట్లో చేపల పులుసు వండిస్తాం, వేడి అన్నం, పక్కన ఆవకాయ. కేక్ కొనడం మానేశాం, బదులుగా పూతరేకులు తెప్పిస్తాం.

సీమ_లైట్:
మాది ప్రొద్దుటూరు. మేమైతే గండికోట. రాత్రికే చేరుకుని టెంట్లలో ఉండి, పొద్దున పెన్నా లోయ అంచున సూర్యోదయం చూస్తాం. తిండి విషయం ముందే మాట్లాడుకోవాలి, అక్కడికి వెళ్లాక వెతుక్కుందామంటే కష్టం. మేం జమ్మలమడుగులో చెప్పి పెట్టుకుంటాం, రాగి సంగటి, నాటుకోడి పులుసు, చెనిగిత్తనాల చట్నీ. లోయ అంచున సెల్ఫీల కోసం వెనక్కి వెనక్కి నడవొద్దని మా కుర్రాళ్లకి ప్రతిసారీ చెప్తాను. గ్రూప్ ఫొటో కోట లోపల మసీదు, ధాన్యాగారం దగ్గర తీసుకుంటే చాలు. కానీ అన్నా, మీ పెద్దాయన వయసు ఆలోచించండి, రాత్రి ప్రయాణం, టెంట్లు ఆయనకి పడతాయా?

వెలుగునీడ:
నేను పిల్లల ఫొటోగ్రఫీ చేస్తాను, విజయవాడ. ఇది చెప్పాలని ఎప్పటి నుంచో ఉంది. చాలా బ్యాచ్‌లలో పుట్టినరోజంటే రాత్రి తొమ్మిదికి మొదలయ్యే పార్టీ, మందు, ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి. మాలాంటి ఆడవాళ్లని పిలుస్తారు, కానీ మేం రాలేమని వాళ్లకీ తెలుసు. రెండు మూడు సార్లు రాకపోతే నాలుగోసారి పిలవడమే మానేస్తారు, ఆ తర్వాత పనులు పంచుకునేటప్పుడు కూడా మేం గుర్తురాం. మా బ్యాచ్‌లో దీన్ని మధ్యాహ్నం భోజనంగా మార్పించాం. పిల్లల్ని తీసుకురావచ్చు, అత్తగారిని కూడా తీసుకురావచ్చు. అప్పటి నుంచి మగవాళ్ల ఇళ్ల నుంచి కూడా భార్యలు రావడం మొదలైంది, ఇన్నేళ్లు వాళ్లాయన ఏ పని చేస్తారో, ఎవరితో చేస్తారో వాళ్లు దగ్గరగా చూడలేదు. గోదారి అన్నయ్యా, పెద్దాయన భార్యని తప్పకుండా పిలవండి. ముహూర్తాల సీజన్లో ఆయన రాత్రిళ్లు ఇంటికి రాకపోతే ఎదురుచూసింది ఆవిడే కదా.

50ఎంఎం_బాబాయ్:
కెమెరాలు తేవాలా వద్దా అన్నారు కాబట్టి. అందరూ తెస్తే అది భోజనం కాదు, ఇంకో షూట్ అవుతుంది. అసలు తేకపోతే తర్వాత బాధపడతారు. మేం ఒకే కెమెరా, ఒకే 50 ఎంఎం లెన్స్ పెడతాం, అది చేతులు మారుతూ ఉంటుంది, పుట్టినరోజు మనిషి మాత్రం దాన్ని ముట్టుకోకూడదు.

మధ్యాహ్నమైతే బంతి కిటికీకి పక్కగా వేయండి, పైన ట్యూబ్‌లైట్లు ఆపేయండి, రెండు రకాల వెలుగు కలిస్తే అన్నం ఒకవైపు పచ్చగా ఒకవైపు నీలంగా వస్తుంది. ఆవిరి కనబడాలంటే వెలుగు విస్తరి వెనక నుంచి రావాలి. తడి అరటాకు బాగా మెరుస్తుంది, లెన్స్ ముందు పెట్టే పోలరైజర్ ఫిల్టర్ తిప్పితే ఆ మెరుపు తగ్గి ఆకుపచ్చ నిండుగా వస్తుంది. ఒకవేళ రాత్రి హాల్లో చేస్తే సైలెంట్ షట్టర్ (చప్పుడు లేకుండా తీసే ఎలక్ట్రానిక్ షట్టర్) ఆపేయండి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక ఎల్‌ఈడీల కింద ఫొటోలో గీతలు పడతాయి, షట్టర్ స్పీడు 1/50 లేదా 1/100 సెకను పెడితే చాలావరకు పోతాయి. కేక్ మీద కొవ్వొత్తులు ఉంటే ఫ్లాష్ వద్దు, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) 3200కి పెంచి, లెన్స్ వెడల్పుగా తెరుచుకునేలా ఎఫ్/2 పెట్టి, కంటి మీద ఫోకస్ చేయండి.

పాతబస్తీ_క్లిక్స్:
బాబాయ్, ఒకే కెమెరా రూల్ మేం కూడా మొదలుపెడతాం.

డల్లాస్_తెలుగు_లెన్స్:
ఇక్కడ మా కథ వేరు. ఏప్రిల్‌లో డల్లాస్ దగ్గరి ఎన్నిస్ ఊరి వైపు బ్లూబోనెట్ పూలు పూస్తాయి, మన తెలుగు కుటుంబాలన్నీ పిల్లలకి అక్కడే ఫొటోలు తీయిస్తారు, మేమూ ఆ నెలలో వచ్చే పుట్టినరోజులన్నీ అక్కడికి దగ్గర్లో పార్క్ షెల్టర్ బుక్ చేసుకుని చేస్తాం. పులిహోర ఒకరు, గుత్తివంకాయ ఒకరు, పెరుగన్నం ఒకరు, ఇళ్ల నుంచి తెస్తారు. మీ పోస్ట్ చదివాక మా ఊళ్లో పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్ మామయ్య గుర్తొచ్చారు, ఆయన తిన్నారో లేదో మేం ఎప్పుడూ అడగలేదు.

స్టూడియో_వరంగల్:
అన్నా, ఒక సలహా, ఒక జాగ్రత్త. ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం ఉంది కదా, 1839లో డాగ్యురే కనిపెట్టిన తొలి ఫొటో పద్ధతిని లోకానికి వెల్లడించిన రోజు, మన అసోసియేషన్లన్నీ ఆయన పటానికి దండ వేసి కలుస్తాయి, అందులో కలిపేద్దామని ఎవరైనా అంటారు. కలపొద్దు. అక్కడ మైకు, శాలువాలు, ఉపన్యాసాలు, మీ పెద్దాయన పదిమందిలో ఒకరైపోతారు. పైగా ఆగస్టులో శ్రావణ ముహూర్తాలు కూడా వస్తాయి. మీ ఆషాఢమే మంచిది.

డబ్బు సంగతి. పుట్టినరోజు ఎవరిదో వాళ్లే పార్టీ ఇవ్వాలని మనకి అలవాటు, కానీ ఆషాఢంలో మన చేతిలో ఏముంటుంది? పనులుండవు, పాత బాకీలు వసూలు కావు. మేం సీజన్లో ఒక్కో పెళ్లికి ఒక్కొక్కరం కొంత పక్కన పెట్టి ఒకరి దగ్గర దాస్తాం, భోజనాలు, బహుమతి అన్నీ అందులోంచే. కొత్తగా పనిలో చేరిన లైట్ బాయ్స్ దగ్గర తీసుకోం, వాళ్లు వచ్చి తింటే చాలు.

కొల్లేరు_రెక్కలు:
బహుమతి అంటే గుర్తొచ్చింది, పెద్దాయన సొంత ఫొటోలు ఎన్ని ఉంటాయి? మా గురువుగారు కూడా పెళ్లిళ్ల ఫొటోలు తీసేవారే, ఆయనకి అరవై ఏళ్లు నిండినప్పుడు వెతికితే పాస్‌పోర్ట్ సైజు తప్ప ఏమీ దొరకలేదు. అప్పుడు వీడియోవాళ్ల హార్డ్ డిస్కులు తిరగేశాం. ప్రతి పెళ్లి వీడియోలో ఏదో మూలన ఆయన ఉన్నారు, తలంబ్రాలప్పుడు స్టూల్ ఎక్కి, ఫ్లాష్ పట్టుకుని, ఒక చోట పెళ్లికూతురి అమ్మ కన్నీళ్లు చూసి కెమెరా దించేసి. 4కె వీడియోలో ఒక ఫ్రేమ్ సుమారు 8 మెగాపిక్సెల్ ఉంటుంది, 8×12 ప్రింటుకి సరిపోతుంది. మనిషి కదలకుండా ఉన్న క్షణాలు ఏరుకోండి, లేకపోతే మసక వస్తుంది. వాటితో ఆల్బమ్ వేయించి ఇచ్చాం.

గోదారి_ఫ్రేమ్స్:
కొల్లేరు అన్నా, ఇది చదివి మా వీడియో తమ్ముడికి వెంటనే ఫోన్ చేశాను, పాత డిస్కులన్నీ బయటకి తీస్తానన్నాడు. మా డిజైనర్ అన్న ఆల్బమ్ తనే ఉచితంగా చేస్తానన్నాడు.

ఇక నిర్ణయం. ఆషాఢంలో ఆదివారం మధ్యాహ్నం, మా పెదనాన్నగారి తోటలో పాకలో. వెలుగు పక్క నుంచే వస్తుంది బాబాయ్, చూసుకున్నాను. అరటాకుల్లో ముద్దపప్పు, నెయ్యి, పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు, గారెలు, బూరెలు, గడ్డ పెరుగు. పెళ్లిళ్లకి వండే వంటాయన్నే పిలుస్తున్నాం, ఆయనకి కూడా మన పెద్దాయన అంటే ఇష్టం. మొదటి బంతిలో పెద్దాయన, ఆవిడ, వాళ్ల పిల్లలు, మా లైట్ బాయ్స్, ఇంకా వెలుగునీడ చెల్లెమ్మ చెప్పినట్టు అందరి ఇళ్లవాళ్లు. వడ్డించేది మేం. కెమెరా ఒక్కటే. ఖర్చు ఈసారికి సీనియర్లం పంచుకుంటాం, వచ్చే మాఘం నుంచి వరంగల్ అన్న చెప్పినట్టు పక్కన పెడతాం.

ఇంకొక్కటి అడగాలి. పాకలో గాలికి అరటాకులు లేస్తాయేమోనని టెన్షన్‌గా ఉంది, ఆషాఢం గాలులు కదా. ఎవరైనా ఆరుబయట బంతి వేసినవాళ్లు ఉంటే ఏం చేశారో చెప్పండి.

వెలుగునీడ:
గాలి వచ్చే వైపు టార్పాలిన్ కట్టించండి అన్నయ్యా, వెలుగు వచ్చే వైపు మాత్రం వదిలేయండి. ఆకు వేసిన వెంటనే నీళ్లు చల్లి ముందు ఉప్పు, ఊరగాయ, స్వీటు వడ్డించేస్తే ఆకు కదలదు.