సమస్య: మంచుపెట్టెలోన మండె నిప్పు

నెల్లూరు నిర్వాహకుడు:
మీ పద్యానికి చివరి పాదంగా రావలసిన ఈ వారం పాదం – మంచుపెట్టెలోన మండె నిప్పు

ఇది ఎలా పుట్టిందో చెప్తాను. మా రెండు తలుపుల ఫ్రిజ్‌లో నాలుగు రోజులుగా పెరుగు గడ్డకడుతోంది. కొత్తిమీర పట్టుకుంటే గాజుముక్కలా విరుగుతోంది. నాబ్ ఎంత తగ్గించినా అంతే. మెకానిక్ వచ్చి ఫ్రీజర్ వెనక పలక విప్పాడు. పై నుంచి కింది అరలకు చల్లగాలి వదిలే చిన్న మూత మంచు పట్టి, తెరుచుకున్నది తెరుచుకున్నట్టే బిగుసుకుపోయింది. పక్కనే మెలికలు తిరిగిన కడ్డీ ఒకటి చూపించి "ఇది హీటర్ సార్" అన్నాడు. మంచుపెట్టెలో హీటరా అనుకుంటుండగానే పాదం నోటికొచ్చేసింది. ఇక మీ వంతు.

కావలి మాస్టారు:
గడ్డకట్టు మంచు కరగించు కొరకునై
వేడితీగ యొకటి వెలిగె నచట
దాని పనియె యదియ! తప్పేమి కలదన్న
మంచుపెట్టెలోన మండె నిప్పు

లోపలి గొట్టాలకు పట్టిన మంచును కొన్ని గంటలకోసారి కరిగించేది ఈ తీగే. ఆ నీళ్లు వెనక ట్రేలోకి దిగి, కంప్రెసర్ వేడికి ఆవిరైపోతాయి. తీగ కాలిపోతే మంచు గోడ కట్టి గాలి ఆగిపోతుంది, కింది అర వెచ్చబడుతుంది. నిర్వాహకుల ఇంట్లో జరిగింది దానికి తారుమారు.

బుచ్చి బావ:
మాస్టారూ, నడక బాగుంది. "వెలిగె" దగ్గర మాత్రం ఆగిపోయాను. ఆ కడ్డీ కాగుతుంది గానీ వెలగదు. "వేడి నొసగె" అంటే యతి కూడా చెదరదు, పాదం మొదటి "వే"కు మధ్యలో "వే" జతపడుతుంది.

కావలి మాస్టారు:
వేడితీగ వేడినిచ్చిందంటే చెప్పిందే చెప్పినట్టు. వెలిగితేనే చివర మండడానికి ఆధారం దొరుకుతుంది. మార్చను.

ఒంగోలు అక్కయ్య:
పులుసు చట్టి పెట్టి పొద్దున్నె చూడగ
రాయి వోలె నుండె, రాదు గరిటె
నాల్క మీద ముక్క నంజుకొనిన యంత
మంచు పెట్టె, లోన మండె నిప్పు

బొమ్మిడాయిల పులుసు మర్నాటికి రుచెక్కుతుందని మట్టిచట్టితో సహా పెట్టాను. అర వెనక గోడకు ఆనుకుని ఉండటంతో అంతా బిగుసుకుపోయింది. చట్టి అంచున వెంట్రుకంత బీట కూడా వచ్చింది. "పెట్టె"ను క్రియగా విడగొట్టాను. ముక్క పైపైన మంచు పెట్టింది, లోపల కారం మండింది. మాస్టారి పద్యంలో తప్పు లేదు, కానీ పెట్టెలో హీటరుందని నిర్వాహకులు ముందే చెప్పారు కదా. ఆ మాటకే పద్యం కట్టారు.

బుచ్చి బావ:
"మంచు పెట్టె"! ఈ వారానికి ఇదే విరుపు. అక్కా, దండం.

కావలి మాస్టారు:
విరుపు బాగుంది, ఒప్పుకుంటాను. కానీ కర్త ఎవరమ్మా? ముక్క మంచు పెట్టిందనడం తెలుగేనా? ముక్క చల్లబెట్టింది అంటాం.

ఒంగోలు అక్కయ్య:
చురక పెట్టింది, మంట పెట్టింది అనగా లేనిది మంచు పెట్టింది అనకూడదా? పెన్నా నది ఎండిందని ఇదివరకు ఇచ్చిన సమస్యాపాదానికి "ఏరు నడిచె" అని మీరు పంపారే, గుర్తుందా మాస్టారూ? నీళ్ల ఏరును నాగలి ఏరుగా తిప్పి, మా ఒంగోలు ఎడ్లనే కట్టి దున్నించారు. అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

కావలి మాస్టారు:
ఆ ఏరుకు నిఘంటువులో చోటుంది. అయినా ఎడ్లు మీవే కాబట్టి ఊరుకుంటున్నాను.

ఆత్మకూరు తమ్ముడు:
అమ్మ సూదిమందు గడ్డకట్టె నచట
నాబు తిప్పి మరచినాను నేను
కన్ను చెమ్మగిల్ల, గడ్డకట్టిన గుండె
మంచుపెట్టెలోన మండె నిప్పు

ఇది కల్పన కాదండీ. మాది సింగిల్ డోర్. మే నెల ఎండలకు నాబ్ 7 మీద పెట్టాను. నవంబరు వానలొచ్చినా తగ్గించలేదు. నిన్న ఇన్సులిన్ సీసా తీస్తే లోపల తెల్లగా గడ్డ.

కావలి మాస్టారు:
మొదటి పాదంలో యతి పోయింది. "అ"కు "గ"కు మైత్రి ఎక్కడిది?

ఒంగోలు అక్కయ్య:
"అమ్మ సూదిమందు హా! గడ్డకట్టెను" అను తమ్ముడూ. యతీ కుదిరింది, నీ గొంతూ వినపడింది. గుండెనే మంచుపెట్టె చేశావు చూడు, ఆ మూడో పాదం ముందు నా పులుసు నిలవదు.

కావలి మాస్టారు:
"హా" వ్యర్థపదమని ఇంకెక్కడైనా కొట్టేసేవాణ్ణి. ఇక్కడ అదే ప్రాణం. అక్కయ్య సవరణ ఖాయం.

అబ్బయ్యా, పద్యం సరే, ఆ సీసా పారేశావా? కరిగాక మామూలుగా కనపడినా వాడకూడదు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనితనం పోతుంది. దానికి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. కొత్తది మధ్య అరలో, డబ్బాతో సహా, వెనక గోడకు తగలకుండా పెట్టు. మీ పెట్టెలో అంకె పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది, 3 దగ్గరికి తిప్పు. రాత్రి గ్లాసు నీళ్లలో థర్మామీటర్ వేసి మధ్య అరలో ఉంచి పొద్దున్నే చూడు. జ్వరం చూసేది కాదు, సున్నా దాకా దిగేది తెచ్చుకో. నాబ్ తగ్గించినా సున్నాకే దిగుతుంటే చలిని అదుపుచేసే థర్మోస్టాట్ పోయినట్టు, అప్పుడు మెకానిక్‌ను పిలువు.

నెల్లూరు నిర్వాహకుడు:
తమ్ముడి పద్యాన్ని అక్కయ్య సవరణతో పైకి పిన్ చేస్తున్నాను.

ఆత్మకూరు తమ్ముడు:
పాత సీసా నిన్ననే తీసేశాను మాస్టారూ, రాత్రికే కొత్తది తెచ్చాం. పొద్దున 5 గంటలకు లేచి చూస్తే గ్లాసులో 4 డిగ్రీలుంది. అమ్మకు పద్యం చదివి వినిపించాను. "హా" దగ్గర నా చెయ్యి పట్టుకుంది.