సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్: పెద్దవాళ్ళతో, పిల్లలతో ఏ వరుసలో వెళ్తే మంచిది?

ప్రశ్న (వరంగల్ నుంచి)

అందరికీ నమస్కారం. 2026 వేసవి సెలవుల్లో మా అత్తగారిని, మామగారిని, ఇద్దరు పిల్లలను తీసుకుని సింగపూర్, మలేషియా, వీలైతే థాయ్‌లాండ్ కూడా చూసి రావాలని మావారూ నేనూ అనుకుంటున్నాము. బాబుకు పన్నెండేళ్ళు, పాపకు ఐదేళ్ళు. అత్తగారికి మోకాళ్ళ నొప్పుల వల్ల మెట్లు ఎక్కడం కష్టం. మామగారు ఇన్సులిన్ తీసుకుంటారు, పైగా పూర్తి శాకాహారి. మావారికి రెండు వారాలకు మించి సెలవు దొరకదు.

మేము వేసుకున్న ప్రణాళిక ఇది. మే చివరి వారంలో హైదరాబాదు నుంచి సింగపూర్‌కు విమానంలో వెళ్ళి, అక్కడ కొన్ని రోజులు ఉండి, బస్సులో మలక్కాకు, అక్కడి నుంచి కౌలాలంపూర్‌కు, తరువాత రైల్లో పెనాంగ్‌కు, మళ్ళీ రైల్లో సరిహద్దు దాటి థాయ్‌లాండ్‌లోని హాట్ యాయ్‌కు, చివరికి ఫుకెట్‌కు చేరి, తిరిగి సింగపూర్ వచ్చి ఇంటికి బయలుదేరాలి. మ్యాపులో చూస్తే ఈ ఊళ్ళన్నీ ఒకే దారిలో ఉన్నట్టే కనిపిస్తున్నాయి. మేము అడిగిన ట్రావెల్ ఏజెంటు ప్యాకేజీ ధర చెప్పారే గాని, ఇది మాలాంటి కుటుంబానికి సాధ్యమో కాదో చెప్పలేదు. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

మొదటి జవాబు (కౌలాలంపూర్‌లో ఉంటున్నాను)

అమ్మా, మీ ప్రణాళికలో ఊళ్ళ ఎంపిక బాగానే ఉంది. వరుసే మార్చుకోవాలి. సింగపూర్ నుంచి కౌలాలంపూర్‌కు సుమారు 350 కిలోమీటర్లు, అక్కడి నుంచి పెనాంగ్‌కు దాదాపు మరో అంతే దూరం. దూరాలు పెద్దవి కావు. మనిషిని అలసిపోయేలా చేసేది సరిహద్దు. సింగపూర్ నుంచి బస్సులో వస్తే వుడ్‌ల్యాండ్స్ దగ్గర సామానంతా దించుకుని సింగపూర్ తనిఖీ ముగించి మళ్ళీ బస్సు ఎక్కాలి, రెండు దేశాలను కలిపే కాజ్‌వే (సముద్రం మీది రోడ్డు) దాటాక మలేషియా వైపు ఉన్న జోహోర్ బారు ఊళ్ళో మళ్ళీ సామానంతా దించుకుని మలేషియా తనిఖీకి నిలబడాలి. బస్సులు ఎక్కువసేపు ఆగవు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడతో, నిద్రమొహంతో ఉన్న ఐదేళ్ళ పిల్లతో, ఆరుగురి పెట్టెలతో ఈ పని రెండుసార్లు చేయాలంటే ఆ రోజు ఇంకేమీ చూడలేరు. పైగా మీరు ఎంచుకున్నది మే చివరి వారం. అప్పటికి సింగపూర్‌లో బడులకు జూన్ సెలవులు మొదలవుతాయి, 2026లో అక్కడి బక్రీదు, బుద్ధపూర్ణిమ (వెసాక్) సెలవులు కూడా ఆ రోజుల్లోనే వస్తున్నాయి. కాజ్‌వే మీద కార్లూ బస్సులూ గంటల తరబడి నిలిచిపోయే కాలమది. తెలంగాణలో బడులకు ఏప్రిల్ చివరి నుంచే సెలవులు కాబట్టి, మీరు మే రెండో వారానికి ముందుకు జరగగలిగితే సగం ఇబ్బంది తీరుతుంది.

నేనైతే ఇలా చేస్తాను. హైదరాబాదు నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉంది, కౌలాలంపూర్ నుంచి హైదరాబాదుకూ నేరుగా ఉంది. కనుక రానుపోను టికెట్టు ఒకే ఊరికి కొనకుండా, సింగపూర్‌లో దిగి కౌలాలంపూర్ నుంచి తిరిగి వచ్చేలా కొనండి. టికెట్లు అమ్మే సైట్లన్నిటిలోనూ మల్టీ సిటీ అన్న వీలు ఉంటుంది. సింగపూర్ చూశాక రోడ్డు దారిని పూర్తిగా వదిలిపెట్టి, విమానంలో నేరుగా పెనాంగ్‌కు వెళ్ళండి. గంటన్నర ప్రయాణం, పెట్టెలు మోయకుండానే ఇమిగ్రేషన్ తనిఖీలు, అవసరమైతే అత్తగారికి చక్రాల కుర్చీ. చవక విమానాల్లో చెకిన్ సామానుకు విడిగా కట్టాలి, ధర పోల్చేటప్పుడు దాన్నీ కలుపుకోండి. పెనాంగ్ నుంచి కౌలాలంపూర్‌కు ఈటీఎస్ అనే ఎక్స్‌ప్రెస్ రైల్లో నాలుగు గంటల పైచిలుకు. ఏసీ రైలు, సీటు నంబరుతో టికెట్టు. మలక్కాను కౌలాలంపూర్ నుంచి ఒక పగలు వెళ్ళి రావచ్చు, 150 కిలోమీటర్ల లోపే. ఇలా చేస్తే రెండు దేశాలు, నాలుగు ఊళ్ళు చూసినా పెట్టెలు సర్దే అవసరం మూడు బసల దగ్గరే వస్తుంది, వచ్చిన దారిన వెనక్కి పోవలసిన పని ఉండదు.

థాయ్‌లాండ్ సంగతి: ఈసారికి మానుకోమనే నా సలహా. మే నెల నుంచి అక్టోబరు దాకా ఫుకెట్, క్రాబీ ఉన్న అండమాన్ సముద్రపు ఒడ్డున నైరుతి రుతుపవనాల కాలం. అలలు ఉద్ధృతంగా ఉంటే బీచిల్లో ఎర్రజెండాలు పాతేస్తారు, దీవులకు పడవలు రద్దవుతూ ఉంటాయి. సముద్రం కోసమే ఫుకెట్ వెళ్ళి, సముద్రంలో దిగలేక హోటల్ గదిలో కూర్చుంటే ఏం లాభం? పిల్లలు పట్టుబడితే బ్యాంకాక్‌ను మరో ఏడాది విడిగా పెట్టుకోండి.

పెనాంగ్‌లో, కౌలాలంపూర్‌లో కూడా ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములతో వాన పడటం మామూలే. ఆరుబయట చూసేవన్నీ పొద్దున్నే ముగించుకుని, మధ్యాహ్నం పెద్దలు పడుకునేలా చూసుకోండి. పెనాంగ్ కొండ మీదికి 1923లో మొదలైన కేబుల్ రైలు ఉంది, అత్తగారు ఒక్క మెట్టూ ఎక్కకుండా అంత ఎత్తు నుంచి ఊరంతా చూడగలిగే చోటు అది. పెనాంగ్ ముఖ్య పట్టణమైన జార్జ్‌టౌన్‌లో క్వీన్ స్ట్రీట్‌లోని మహామారియమ్మన్ గుడి 1833 నాటిది, ఆ చుట్టుపక్కల లిటిల్ ఇండియాలో మామగారికి ఇడ్లీ, భోజనం సులువుగా దొరుకుతాయి.

రెండవ జవాబు (సింగపూర్ నుంచి)

పై వారు చెప్పిన క్రమం బాగుంది గాని, రోడ్డు దారిని మరీ అంతగా భయపెట్టనక్కరలేదని నా అభిప్రాయం. జోహోర్ బారు నుంచి వేలమంది ప్రతి ఉదయం సింగపూర్‌కు ఉద్యోగాలకు వచ్చి సాయంత్రం తిరిగి వెళ్తారు. కాబట్టి మామూలు పనిరోజున ఉదయం సింగపూర్ నుంచి అటు వెళ్ళేవారికి అంత రద్దీ ఉండదు. వుడ్‌ల్యాండ్స్ నుంచి జోహోర్ బారుకు ఐదు నిమిషాల రైలు ఒకటుంది, షటిల్ తెబ్రావు అంటారు. అటు వెళ్ళేటప్పుడు రెండు దేశాల తనిఖీలూ వుడ్‌ల్యాండ్స్‌లోనే ముగుస్తాయి, బస్సులోలా రెండుసార్లు దిగనక్కరలేదు. టికెట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి ముందే కొనాలి. ఈటీఎస్ రైళ్ళు 2025 చివరి నుంచి జోహోర్ బారు దాకా నడుస్తున్నాయి, కాబట్టి అక్కడి నుంచి కౌలాలంపూర్‌కు రైల్లోనే వెళ్ళవచ్చు. అయినా మీ ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళను, పసిపిల్లను తలుచుకుంటే నేను కూడా విమానానికే ఓటు వేస్తాను. పెద్దవాళ్ళు లేకుండా వచ్చే కుటుంబాలకు మాత్రం ఈ రైలు దారి హాయిగా ఉంటుంది.

వీసాల విషయం. భారతీయులకు సింగపూర్ వీసా తప్పనిసరి, అనుమతి పొందిన ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేయాలి, ప్రయాణానికి ముందు ముప్ఫై రోజుల లోపు పెట్టుకోవాలి. ప్రభుత్వ రుసుము 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు తన రుసుము విడిగా తీసుకుంటాడు. మీరు మొదట వేసుకున్నట్టు తిరిగి సింగపూర్ రావాలంటే ఈ-వీసా ఒక ప్రవేశానికా, పలు ప్రవేశాలకా అన్నది చూసుకోవాలి. కొత్త క్రమంలో ఆ బెడద లేదు. మలేషియాకు 2026 డిసెంబరు 31 దాకా భారతీయులకు వీసా అక్కరలేదు, ముప్ఫై రోజుల వరకు ఉండవచ్చు. అయితే చేరడానికి ముందు మూడు రోజుల లోపు ప్రతి ఒక్కరి పేరునా డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, సింగపూర్‌కూ అలాంటిదే ఒకటి ఉంది. రెండూ ఉచితమే, డబ్బు అడిగే సైటు ఎదురైతే అది ప్రభుత్వానిది కాదని గుర్తించండి. పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళకే తీరిపోతుంది, పెద్దలవి సరిగ్గా ఉన్నాయి కదా అని పిల్లలవి చూడకుండా ఊరుకోవద్దు. ప్రయాణం నాటికి ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి.

సింగపూర్‌లో బస గురించి ఒక మాట చెప్పాలి. ఇక్కడ ఇళ్ళను పర్యాటకులకు కొద్ది రోజుల కోసం అద్దెకు ఇవ్వడం చట్టవిరుద్ధం, ప్రైవేటు ఇళ్ళకు కనీసం మూడు నెలల అద్దె ఉండాలి. ఇంటర్నెట్టులో చవకగా కనిపించే ఫ్లాట్ల జోలికి వెళ్ళవద్దు. హోటళ్ళలో ఒక గదికి ఎంతమంది అన్న నియమం గట్టిగా పాటిస్తారు, కాబట్టి మీకు పక్కపక్కన రెండు గదులు కావాలి. లిటిల్ ఇండియా ప్రాంతంలో తీసుకుంటే సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి, శాకాహార భోజనశాలలు నడకదూరంలో ఉంటాయి. మలేషియాలో ఈ చిక్కు లేదు, వంటగదీ వాషింగ్ మెషీనూ ఉన్న సర్వీసు అపార్టుమెంట్లు విరివిగా దొరుకుతాయి. విదేశీయుల నుంచి గదికి రాత్రికి పది రింగిట్ల పర్యాటక పన్ను వసూలు చేస్తారు, అది బుకింగ్ ధరలో కలిసి ఉండకపోవచ్చు.

ఇంకొకటి. సింగపూర్‌లో 1.35 మీటర్ల కంటే పొట్టిగా ఉన్న పిల్లలను కారులో ఎక్కిస్తే వారికి తగిన సీటు ఉండాలన్నది చట్టం. టాక్సీలకు మినహాయింపు ఉంది, యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లకు లేదు. మీ పాపతో ఉన్నప్పుడు టాక్సీనే పిలవండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మావారికి చదివి వినిపించాను. థాయ్‌లాండ్‌ను తీసేసి, మే రెండో వారంలో బయలుదేరాలని నిర్ణయించాము. రెండు సందేహాలు మిగిలాయి. కౌలాలంపూర్ దగ్గరి బాటు గుహల సుబ్రహ్మణ్యస్వామిని చూడాలని అత్తగారు ఎప్పటి నుంచో అంటున్నారు, మెట్లు తప్పవా? మామగారి కోసం పచ్చళ్ళు, పొడులు, మందులు తీసుకువెళ్తే సరిహద్దులో ఇబ్బంది ఉంటుందా?

మూడవ జవాబు (గుంటూరు నుంచి)

రెండో సందేహానికి నేను చెప్పగలను, మా అమ్మానాన్నలను తీసుకువెళ్ళినప్పుడు ఇదంతా విచారించాను. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి వంటివి గట్టిగా సీలు వేసి చెకిన్ పెట్టెలో పెట్టుకోండి. కోడి, మటన్ పచ్చళ్ళను సింగపూర్‌కు తీసుకువెళ్ళకూడదు, అనుమతి ఉన్న దేశాల నుంచి వచ్చిన మాంసాన్నే అక్కడ రానిస్తారు. మసాలా పొడుల్లో గసగసాలు లేకుండా చూసుకోండి. మన వంటింట్లో అతి మామూలు దినుసైన గసగసాలను సింగపూర్‌లో మాదకద్రవ్యాల చట్టం కింద నిషేధిత వస్తువుగా చూస్తారు. చూయింగ్ గమ్ కూడా వద్దు. ఇన్సులిన్‌ను చేతిసంచిలోనే ఉంచుకుని, డాక్టరు చీటీ వెంట పెట్టుకోండి. కోడీన్ ఉన్న దగ్గుమందులు, కొన్ని నిద్రమాత్రలు ఉంటే మాత్రం సింగపూర్ హెల్త్ సైన్సెస్ అథారిటీ నుంచి ముందుగా అనుమతి తీసుకోవాలి. రెండు దేశాల్లోనూ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, ఇన్సులిన్ వేళలు ఎలా మార్చాలో బయలుదేరే ముందే డాక్టరును అడగండి.

మొదటి జవాబు రాసినవారు

బాటు గుహల్లో ప్రధాన ఆలయానికి 272 మెట్లు ఎక్కక తప్పదు. అయితే 42.7 మీటర్ల స్వామి విగ్రహం మెట్ల మొదట్లోనే ఉంది, అత్తగారు కింద నుంచే కన్నుల నిండా చూడవచ్చు. రైల్వే స్టేషను పక్కనే పెద్ద హనుమంతుడి విగ్రహం, రామాయణ గుహ ఉన్నాయి, అవి కూడా కిందనే. కౌలాలంపూర్ సెంట్రల్ నుంచి లోకల్ రైలు నేరుగా గుహల దగ్గరకే వస్తుంది. పొద్దున ఎండ ముదరక ముందే వెళ్ళండి, మీవారూ పిల్లలూ పైకి ఎక్కుతారనుకుంటే మీరు అత్తగారితో కింద ఉండిపోండి. కోతుల విషయంలో జాగ్రత్త, చేతిలో పండూ పూలూ కనిపిస్తే ఊరుకోవు. పెట్రోనాస్ జంట గోపురాలు ఎక్కాలనుంటే సోమవారం మూసి ఉంటాయని గుర్తుంచుకుని, టికెట్లు ముందే తీసుకోండి.

పెనాంగ్ నుంచి రైలు ఎక్కే రోజు గురించి కూడా చెబుతాను. రైల్వే స్టేషను దీవిలో లేదు, అవతలి ఒడ్డున బటర్‌వర్త్‌లో ఉంది. జార్జ్‌టౌన్ నుంచి ఫెర్రీలో పావుగంటలో దాటవచ్చు, పిల్లలకు అది సరదాగానే ఉంటుంది. ఆరుగురి సామానుతో మాత్రం పెద్ద కారు పిలిచి, 1985లో కట్టిన వంతెన మీదుగా స్టేషను ముందే దిగడం మేలు. ఫెర్రీ సరదా కావాలంటే ముందు రోజు సామాను లేకుండా వెళ్ళి రండి.