కుల్లాయియా, కుళ్లాయియా? శ్రీనాథుని కొలువు వేషం

ప్రశ్న: “కుళ్లాయుంచితి గోకసుట్టితి మహాకూర్పాసముం దొడ్గితిన్” అన్న శ్రీనాథుని చాటుపద్య పాదం నన్ను వదలడం లేదు. విజయనగర రాజు ప్రౌఢదేవరాయల కొలువులో అడుగుపెట్టడానికి ఆ మహాకవి తల మీద పెట్టుకోవలసి వచ్చిన కుళ్లాయి, అంటే టోపీ, జరీ పనితనం గలదా, సాదా బట్టదా?

స్పందన: ముందు పాఠం సరిచూసుకుందాం. తక్కిన పాదాలు వెల్లుల్లి, జల్లాయంబలి, తల్లీ అని ద్విత్వ లకారంతోనే నడుస్తున్నాయి కనుక ఇక్కడ ‘కుల్లాయి’ అనే ఉండాలి. దీనికి మూలమైన పారసీక ‘కులాహ్’లో ఉన్నదీ లకారమే.

స్పందన: లళలకు ప్రాసమైత్రి లాక్షణికులు ఒప్పుకున్నదే కాబట్టి ప్రాసను చూపి ళకారాన్ని తోసిపుచ్చలేము. నన్ను పట్టి ఆపేది ‘మహాకూర్పాసము’. అమరకోశంలో కూర్పాసకం చోళానికి పర్యాయం, అంటే రవిక వంటి పొట్టి తొడుగు. నిలువెల్లా కప్పే కబాయికి సంస్కృతంలో సరైన మాట దొరకక, కవి కూర్పాసానికే ‘మహా’ చేర్చి పని జరుపుకున్నాడని నా నమ్మకం. పరాయి వేషాన్ని శార్దూలంలో ఇంత హుందాగా ఇమిడ్చి, ఆ వెంటనే వెల్లుల్లినీ అంబలినీ తలచుకొని, చివరికి “నేను శ్రీనాథుడన్” అని నిలబడగలిగినవాడు ఆయన ఒక్కడే.

స్పందన: జరీ విషయానికి వస్తే, 1520 ప్రాంతంలో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, కృష్ణదేవరాయలు బంగారు గులాబీలు కుట్టిన తెల్లని వస్త్రాలు ధరించి, తలపై జరీపట్టు టోపీ పెట్టుకున్నాడని వ్రాశాడు. ఆ టోపీపై సన్నని పట్టుగుడ్డ కప్పి ఉందని కూడా అన్నాడు కనుక, శ్రీనాథుడు చుట్టిన కోక నడుముకు కాక కుల్లాయికే అయి ఉండవచ్చు.

స్పందన: పేస్ చూసింది శ్రీనాథునికి సుమారు ఒక శతాబ్దం తరువాతి కొలువును, పైగా ఆయన చూసింది రాజు టోపీని, ఆశ్రయం కోరి వచ్చిన కవి టోపీని కాదు. కోకను నడుముకే అన్వయించాలి, ఎందుకంటే పాత తెలుగులో అది మగవారి కట్టుబట్టకూ చెల్లే మాట. తిరుమల ప్రతిమా మండపంలో చేతులు జోడించి నిలిచిన కృష్ణదేవరాయల విగ్రహాన్ని గమనించండి: దేవుని ముందు కబాయి విడిచి, నడుముకు వస్త్రం మాత్రమే ఉంచుకున్న ఆ రాజు కుల్లాయిని మాత్రం తీయలేదు.