పొడవాటి ఇంగ్లీషు మాటలు: ముందు ముక్కలు చేయాలా, ముందు స్ట్రెస్ పట్టాలా?

పదనిస: రెస్పాన్సిబిలిటీని ముందు విడగొట్టుకోవాలి. రి-స్పాన్-సి-బి-లి-టి, ఆరు సిలబుల్స్, అంటే ఒక్కో అచ్చుతో పలికే ముక్కలు. డిక్షనరీవాళ్ళు మాట మధ్యలో చుక్కలు పెట్టింది అందుకే. స్ట్రెస్, అంటే ఏ సిలబుల్‌ని నొక్కి పలకాలన్న సంగతి, ఆ తర్వాతే.

అచ్చుహల్లు: ఆ చుక్కలు పంక్తి చివర మాటను ఎక్కడ విరవాలో చెప్పడానికి. నాలెడ్జ్‌ని అమెరికన్ పద్ధతిలో ఎల్ తర్వాత విరుస్తారు, బ్రిటిష్ పద్ధతిలో డబ్ల్యూ తర్వాత. పలుకు కావాలంటే వాలుగీతల మధ్య చూడండి. పైన నిలువు గీత ఉంటే ప్రధాన స్ట్రెస్, కింద ఉంటే రెండో రకం. గీత సిలబుల్‌కి ముందు వస్తుంది. కొన్ని అమెరికన్ డిక్షనరీల్లో తర్వాత వస్తుంది, అది గమనించకపోతే స్ట్రెస్ పక్క సిలబుల్ మీద పడుతుంది.

పదనిస: విడగొట్టకుండా స్ట్రెస్ ఎక్కడని వెతుకుతారు?

అచ్చుహల్లు: చివర నుంచి. షన్, ఇక్, ఇటీ వస్తే వాటికి సరిగ్గా ముందున్న సిలబుల్ మీద. మీ రెస్పాన్సిబిలిటీలో ‘బి’. ఫోటోగ్రాఫ్‌లో ‘ఫో’ మీదున్నది ఫోటోగ్రాఫిక్‌లో ‘గ్రా’ మీదికి జరుగుతుంది. మెంట్, నెస్ చేరితే కదలదు: డివెలప్‌లోనూ డివెలప్‌మెంట్‌లోనూ ‘వె’నే. ఇంజినీర్‌లో చివరి ‘నీర్’ మీదే.

వెన్నెల: మరి అరబిక్? పాలిటిక్స్?

అచ్చుహల్లు: రెండింటికీ మొదటి సిలబుల్. అరిథ్మెటిక్ నామవాచకమైతే రెండోది, విశేషణమైతే మూడోది. ఇలాంటివి విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

పదనిస: ఇన్ని మినహాయింపులుంటే అదేం సూత్రం? కంఫర్టబుల్‌లో ఎన్ని సిలబుల్సో చెప్పండి.

అచ్చుహల్లు: రాతలో నాలుగు, ఎక్కువమంది పలికేది మూడు: కంఫ్-ట-బుల్. రాత చూసి విడగొట్టొద్దన్నది ఇందుకే.

పదనిస: మళ్ళీ అదే! అచ్చులన్నీ నిండుగా పలికితే తప్పని ఎన్నాళ్ళు చులకన చేస్తారు? ఏ ట్రైనింగ్‌లో చూసినా ఇదే పాట. స్పష్టంగా పలికితే ఎవరికి అర్థం కాదు?

అచ్చుహల్లు: అంటే మీ గొడవ ముక్కల గురించి కాదు, అచ్చుల్ని కుదించడం గురించి. స్ట్రెస్ అంటే గట్టిగా అరవడం కాదు. ఆ అచ్చు సాగుతుంది, శ్రుతి మారుతుంది, పక్కవి కుంచించుకుపోతాయి. ఫటాగ్రఫీలో మొదటిదీ మూడోదీ ‘అ’లో సగమే. అన్నింటికీ ఒకే బరువిస్తే వినేవాళ్ళకి ‘టా’ దొరకదు.

పదనిస: మిగతావి కుదించకుండా ‘టా’ని సాగదీస్తే?

వెన్నెల: అది చాలు. తడబాటు వచ్చేది డెవలప్‌మెంట్ అని మొదట్లో నొక్కినప్పుడు. చోటు సరిగ్గా ఉంటే మిగతా అచ్చులు నిండుగా ఉన్నా తెలుస్తుంది.

అచ్చుహల్లు: మీరు కుదించకపోయినా ఎదుటివాళ్ళు కుదిస్తారు. కంఫ్టబుల్ అని చెవిన పడితే అది ఏ మాటో పోల్చుకోవద్దా?

పదనిస: వినడానికైతే నేర్చుకోవాలి, ఒప్పుకుంటాను. పలకడానికి మాత్రం ఒప్పుకోను.