పాత రాక్ రేడియో పేరుని మళ్ళీ నిలబెట్టాలంటే ఎట్టా?

ట్రంక్‌రోడ్డు రాత్రులు (నెల్లూరు):
అన్నలందరికీ నమస్తే. 2009 నుంచి 2014 దాకా మేం నలుగురం ట్రంక్ రోడ్డులో ఒక షాపు మేడ మీద గదిలో నెట్ రేడియో నడిపినాం. ఒట్టి ఆల్టర్నేటివ్ రాక్, సినిమా పాట ఒక్కటి కూడా వేసేవాళ్ళం కాదు. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించి, మైకులో ఫ్యాన్ మోత పడతాదని మే నెల్లో కూడా ఫ్యాన్ ఆపేసి చెమటలు కారతా మాట్లాడేవాళ్ళం, కరెంటు పోతే ఇన్వర్టర్ మీద గంటా గంటన్నర లాగేవాళ్ళం. వినేవాళ్ళు తక్కువే గానీ ఎవరు మెసేజ్ పెట్టారో ఏ పాట అడిగారో అంతా ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసేవాళ్ళం, అది ఇంకా నా దగ్గరే ఉండాది. ఉద్యోగాలొచ్చి తలో ఊరికీ పోయాక ఆగిపోయింది. డొమైన్ రెన్యూవల్ చెయ్యలేదు, ఇప్పుడది ఎవరో కొని అమ్మకానికి పెట్టుండారు.

మళ్ళీ మొదలుపెట్టాలని ఉండాది. పాత పేరుతోనే రావాలా, కొత్త పేరు పెట్టుకోవాలా? మావాడొకడు పేరు ఉంచి మిగతాదంతా మార్చేద్దాం అంటాడు, నాకు మనసొప్పటంలా.

గుండ్లకమ్మ (ఒంగోలు):
తమ్ముడూ నేను షికాగోలో చదివేటప్పుడు కార్లో పొద్దస్తమానం క్యూ101 మోగేది. 101.1 మీద 1992 నుంచి ఆల్టర్నేటివ్ వేసిన స్టేషన్ అది. 2011లో చేతులు మారి అదే ఫ్రీక్వెన్సీలో వార్తలు పెట్టేశారు, క్యూ101 అనే పేరునేమో ఇంకో కంపెనీ కొనుక్కుంది. 2014లో 101.1కి రాక్ తిరిగొచ్చింది, కానీ పేరు వేరేవాళ్ళ దగ్గర ఉండిపోయింది కదా, అందుకని డబ్ల్యూకేక్యూఎక్స్ అనే కాల్ లెటర్స్‌తోనే, అంటే లైసెన్సులో స్టేషన్‌కి ఇచ్చే అక్షరాలతోనే నెట్టుకొచ్చారు. 2022లో గానీ క్యూ101 అని మళ్ళీ చెప్పుకోలేకపోయారు. పాటలుండీ ఫ్రీక్వెన్సీ ఉండీ పేరు కోసం ఎనిమిదేళ్ళు ఆగారంటే చూడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో లైవ్ 105 అనే రాక్ స్టేషన్‌ని అయితే 2017లో ఆల్ట్ 105.3 అన్నారు, 2021లో డేవ్ అన్నారు, చివరికి 2023లో మళ్ళీ లైవ్ 105 దగ్గరికే వచ్చారు. కొత్త పేరు ఆలోచన మానుకో. మీ పేరు జనానికి గుర్తున్నంత కాలం అది మీ ఆస్తే.

కందుకూరోడు:
అన్న చెప్పింది నిజమే కానీ పేరొక్కటే తెచ్చి లోపల కంప్యూటర్ వేసే ప్లేలిస్టు పెడితే పాతోళ్ళు రెండ్రోజులు విని పోతారు. ఒహాయోలో 97ఎక్స్ అని ఆక్స్‌ఫర్డ్ అనే చిన్న ఊరి స్టేషన్, 1983లో మొదలైంది, 2004లో ఎఫ్ఎం పోయినా నెట్‌లో 2010 దాకా నడిచింది. ఏటా మే చివర్లో మెమోరియల్ డే సెలవులకి 500 పాటల కౌంట్‌డౌన్ వేసేవాళ్ళు, జనం దానికోసం కాచుక్కూర్చునేవాళ్ళు. మీకూ అట్టాంటిది ఏదో ఒకటి ఉండే ఉంటుంది, ముందు దాన్ని తీసుకురా. మీ జింగిల్, అదే మధ్య మధ్యలో స్టేషన్ పేరు చెప్పే ముక్క, ఎవరి గొంతు? అదే గొంతుతో మళ్ళీ చెప్పించు, మార్చొద్దు. లోగో సంగతి తర్వాత.

పెన్నా ఒడ్డు (నెల్లూరు, ట్రేడ్‌మార్క్ పనులు చేస్తుంటా):
ముందు పేరు ఎవరైనా ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేసుకున్నారేమో ట్రేడ్‌మార్క్ సైట్ పబ్లిక్ సెర్చ్‌లో చూడండి, వ్యాపారాల్ని క్లాసులుగా విడదీసుంటారు, బ్రాడ్‌కాస్టింగ్‌కి 38, వినోదానికి 41, రెండు క్లాసులూ చూడాలి. ఖాళీగా ఉంటే వెంటనే అప్లికేషన్ వేసేయండి, వ్యక్తి పేరు మీద ఆన్‌లైన్‌లో క్లాసుకి 4,500 రూపాయలు ఫీజు. 2009 నుంచి వాడినామని రాయాలంటే అఫిడవిట్‌తో పాటు ఆధారాలు పెట్టాలి, పాత పోస్టర్లు, పోస్టులు, ఆ నోట్‌బుక్ కూడా దాచిపెట్టుకోండి. కాకపోతే ఇన్నేళ్ళు ఆపేశారు కాబట్టి పాత వాడకం ఒక్కదాని మీదే ధీమాగా ఉండొద్దు. ఎవరైనా రిజిస్టర్ చేసి అయిదేళ్ళ పైన వాడకుండా వదిలేసుంటే ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 47 కింద తీయించమని అడగొచ్చు. డొమైన్‌కి మాత్రం లక్షలు పొయ్యొద్దు, చివర్లో .ఇన్ ఉన్నది దొరికితే చాలు.

ఇంకోటి, పాటల హక్కులు. కాపీరైట్ చట్టం సెక్షన్ 31డి లైసెన్సు, అంటే ఒక్కో హక్కుదారుణ్ణి అడక్కుండా నిర్ణయించిన రాయల్టీ కట్టి పాటలు వేసుకునే వీలు, ఇంటర్నెట్‌కి వర్తించదని 2019లో బాంబే హైకోర్టు చెప్పింది, కాబట్టి ఎఫ్ఎం వాళ్ళ దారి మీకు కుదరదు. లేబుల్స్‌తోనో (పాటల కంపెనీలు), రికార్డింగుల హక్కులు చూసే పీపీఎల్, పాట రాసినవాళ్ళ, బాణీ కట్టినవాళ్ళ హక్కులు చూసే ఐపీఆర్ఎస్ లాంటి సంస్థలతోనో విడిగా మాట్లాడుకోవాల. మీ స్నేహితుల బ్యాండ్ల పాటలైనా సరే, రాసినవాళ్ళు ఐపీఆర్ఎస్‌లో చేరుంటే వాళ్ళు నోటి మాటగా సరేనంటే చాలదు.

ట్రంక్‌రోడ్డు రాత్రులు:
అన్నా చాలా థాంక్స్, ఇప్పుడే సెర్చ్ చేసినా, రెండు క్లాసుల్లోనూ మా పేరు ఎవరూ వెయ్యలేదు, సోమవారం ఫైల్ చేస్తా. కందుకూరన్నా, మాకు కౌంట్‌డౌన్ లేదు గానీ శనివారం రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా కొత్త బ్యాండ్ల డెమోలు వేసేవాళ్ళం, పిల్లోళ్ళు పెన్‌డ్రైవ్ తెచ్చి మెట్ల మీద కూర్చొనుండేవాళ్ళు, వాళ్ళ పాట వస్తుంటే ఒకరి భుజం ఒకరు పట్టుకొని వినేవాళ్ళు. దాంతోనే మొదలుపెడతాం. జింగిల్ చెప్పినవాడు బెంగుళూరులో ఉండాడు, ఇందాక ఫోన్ చేస్తే తడుముకోకుండా ఆ లైను అట్నే చెప్పినాడు. 2014కి ముందు మా శనివారం షో రికార్డింగులు ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి మెసేజ్ పెట్టండి, మా హార్డ్‌డిస్క్ పోయింది.